కనబడని నొప్పి, కనబడని మందు: నరాల నొప్పికి అయస్కాంత చికిత్స చరిత్ర

ఈ పాఠం మొదలుపెట్టే ముందు, చాలాకాలంగా చక్కెర వ్యాధితో బాధపడుతున్న ఒక పెద్దవారిని గుర్తు చేసుకోండి. రాత్రి పడుకోబోయేటప్పుడు అరికాళ్ళు మండుతున్నాయని, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నానని చెప్పేవారు మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. పాదం తిప్పి చూస్తే పుండు ఉండదు, వాపు ఉండదు. అక్కి మానిన నెలల తర్వాత కూడా, చొక్కా రాసుకుంటే చాలు పక్కటెముకల మీద నిప్పు పెట్టినట్లుందని చెప్పేవారిదీ ఇదే బాధ.

ముల్లు గుచ్చుకున్నప్పటి నొప్పి వేరు, ఇది వేరు. ముల్లు గుచ్చుకున్నప్పుడు నరం తన పని తాను చేస్తుంది. దెబ్బ తగిలిన చోటి వార్తను మెదడుకు మోస్తుంది. ఈ రెండో రకం నొప్పిలో వార్తను మోసే నరమే దెబ్బతింటుంది, లేదా ఆ వార్తను అందుకునే వెన్నుపాము, మెదడు భాగాలు దెబ్బతింటాయి. చెప్పడానికి వార్త ఏదీ లేకపోయినా నొప్పి మాత్రం మెదడుకు చేరుతూనే ఉంటుంది. వైద్యులు దీన్ని నాడీజన్య నొప్పి అంటారు. వాడుకలో మనం నరాల నొప్పి అంటాం. మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. దీనికోసం ప్రత్యేకంగా వాడే మందులు కూడా అందరికీ ఉపశమనం ఇవ్వవు.

ఇటువంటి రోగుల తల మీద ఒక తీగచుట్టను ఆనించి, అయస్కాంత పల్స్‌లను మెదడులోకి పంపే చికిత్స గత ముప్పై ఏళ్ళలో రూపుదిద్దుకుంది. ఈ పాఠం దాని చరిత్ర. యంత్రం ఎలా పుట్టిందో తెలిస్తే ఈ చరిత్రలో సగం తెలిసినట్లే. మిగిలిన సగం ఒక ప్రశ్నకు సంబంధించినది. నొప్పి రోగికి తప్ప ఇంకెవరికీ తెలియదు. అయస్కాంత క్షేత్రం ఎవరి కంటికీ కనబడదు. అలాంటప్పుడు కనబడని రోగానికి కనబడని మందు పనిచేసిందని ఎలా తేల్చాలి? చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్నను దగ్గర ఉంచుకోండి.

మానిన గాయం, మానని మంట

నరాల నొప్పిని ఒక ప్రత్యేకమైన బాధగా వివరంగా నమోదు చేసినవారిలో అమెరికా వైద్యుడు సైలస్ వైర్ మిచెల్ ముఖ్యుడు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఫిలడెల్ఫియాలోని టర్నర్స్ లేన్ ఆసుపత్రిలో ఆయన, జార్జ్ మోర్‌హౌస్, విలియం కీన్ అనే మరో ఇద్దరు వైద్యులతో కలిసి, నరాలకు తుపాకి గుండ్లు తగిలిన సైనికులకు చికిత్స చేశాడు. ఆ అనుభవంతో ముగ్గురూ 1864లో ఒక పుస్తకం ప్రచురించారు. గాయం మానిపోయినా చేయి మండుతూనే ఉన్న సైనికులు అందులో కనిపిస్తారు. పొడి వస్తువు తగిలితే సహించలేక వాళ్ళు తడిగుడ్డ చుట్టుకుని, నీళ్ళ సీసా వెంటబెట్టుకుని తిరిగేవారు. పక్కన ఎవరైనా వార్తాపత్రిక మడిచిన చప్పుడుకు కూడా బాధ పెరిగేది. ఈ మంటకు మిచెల్ తర్వాత 'కాసాల్జియా' అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో మంట, నొప్పి అనే రెండు మాటలు కలిసిన పేరు అది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అదే 1864లో ఆ ముగ్గురు వైద్యులే మరో వ్యాసం కూడా రాశారు. జబ్బు నటించి యుద్ధం నుంచి తప్పించుకోవాలని చూసే సైనికులను ఎలా పట్టుకోవాలన్నది దాని విషయం. నరాల నొప్పిని అందరికంటే శ్రద్ధగా విన్నవాళ్ళే, అది నటనేమో అని కూడా వెతకాల్సి వచ్చింది. నొప్పి ఉన్నవారి మాటను నమ్మాలా వద్దా అన్న సందేహం ఈ రోగానికి పుట్టుకతోనే అంటుకుంది. నేటికీ చాలామంది రోగులు మొదట వినే మాట "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి కదా" అన్నదే.

ఫ్రాన్స్‌లో జూల్ డెజెరిన్, గుస్తావ్ రూసీ 1906లో మరో అడుగు ముందుకు వేశారు. మెదడు లోతున ఉండే థాలమస్ అనే భాగం పక్షవాతంలో దెబ్బతింటే, శరీరంలో ఒక పక్కంతా భరించలేని నొప్పి రావచ్చని వాళ్ళు వివరించారు. చేతిలో ఏ లోపమూ లేదు, కానీ చేయి నొప్పిపుడుతుంది. నొప్పికి మూలం మెదడులోనే ఉన్నప్పుడు వైద్యం కూడా మెదడుకే చేయాలి కదా అన్న ఆలోచనకు ఇది పునాది. అయితే ఆ పని చేయగల సాధనం అప్పటికి లేదు.

మెస్మర్ అయస్కాంతాలు, హేగార్త్ పుల్లలు

మన కథలోని రెండో పాయ కోసం ఇంకా వెనక్కి, పద్దెనిమిదో శతాబ్దపు వియన్నాకు వెళ్ళాలి. ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడు 1774లో ఒక రోగి శరీరం మీద ఉక్కు అయస్కాంతాలు ఉంచి చికిత్స చేశాడు. గుణం కనిపించింది. అందరి శరీరాల్లోనూ ఒక సూక్ష్మద్రవం ప్రవహిస్తుందని, దానికి అడ్డు తగిలితే రోగం వస్తుందని అతను సిద్ధాంతం కట్టాడు. కొన్నాళ్ళకు అయస్కాంతం కూడా అక్కర్లేదని, తన చేతులు చాలునని అన్నాడు. 1778లో పారిస్ చేరాక అతని దగ్గరకు జనం విరగబడ్డారు.

ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ 1784లో ఈ వైద్యాన్ని పరీక్షించడానికి ఒక సంఘాన్ని నియమించాడు. రసాయన శాస్త్రవేత్త లావోయిజర్, అప్పుడు అమెరికా రాయబారిగా పారిస్‌లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ అందులో సభ్యులు. మెస్మర్ శిష్యుడు డెస్లాన్ ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకు 'అయస్కాంత శక్తి' ఎక్కించాడు. తర్వాత పన్నెండేళ్ళ బాలుడికి కళ్ళకు గంతలు కట్టి, ఒక్కో చెట్టు దగ్గరకు తీసుకెళ్ళారు. నాలుగో చెట్టు దగ్గర బాలుడు స్పృహ తప్పి పడిపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కాదు!

మెస్మర్‌ను మోసగాడిగా కొట్టిపారేయడం చాలా పుస్తకాలకు అలవాటు. ఈ పాఠానికి అతని స్వభావం ముఖ్యం కాదు, కళ్ళగంతలు ముఖ్యం. బాలుడు నిజంగానే పడిపోయాడు, నటించలేదు. కానీ అతన్ని పడేసింది చెట్టు కాదు, చెట్టు మీది నమ్మకం.

పదిహేనేళ్ళ తర్వాత ఇదే పరీక్ష నేరుగా నొప్పి మీద జరిగింది. అమెరికాకు చెందిన ఎలీషా పెర్కిన్స్ 1796లో రెండు చిన్న లోహపు పుల్లలకు పేటెంట్ తీసుకున్నాడు. వాటితో నొప్పి ఉన్నచోట రాస్తే నొప్పి పోతుందని ప్రచారం. అవి ఇంగ్లండ్‌లో బాగా అమ్ముడుపోయాయి. బాత్ నగరంలో వైద్యుడు జాన్ హేగార్త్ 1799లో అచ్చం వాటిలాగే రంగు వేసిన చెక్క పుల్లలు చేయించి, కీళ్ళనొప్పులున్న ఐదుగురి మీద వాడి చూశాడు. నలుగురు నొప్పి తగ్గిందన్నారు. మర్నాడు అసలు లోహపు పుల్లలతో రాసినా ఫలితం అంతే. పుల్లల వ్యాపారం సంగతి అటుంచండి. హేగార్త్ చేసిన పని నుంచి మనం తీసుకోవలసింది ఒకటుంది. నొప్పి తగ్గిందన్న రోగి మాట నిజమే కావచ్చు, అయినా చికిత్స పనిచేయకపోయి ఉండవచ్చు. ఈ రెండూ ఒకేసారి సాధ్యం.

ఇక్కడ పుస్తకం పక్కన పెట్టి ఆలోచించండి: హేగార్త్ లోహపు పుల్లలను మాత్రమే వాడి ఉంటే ఏ నిర్ధారణకు వచ్చేవాడు?

తీగచుట్టలోకి తల

మైకేల్ ఫారడే 1831లో కనుక్కున్న విద్యుదయస్కాంత ప్రేరణ మీరు పాఠశాలలో చదివినదే. మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం దగ్గరలోని వాహకంలో విద్యుత్తును పుట్టిస్తుంది. 'మారుతూ ఉండే' అన్న మాట కింద గీత గీసుకోండి. చేతికి కట్టుకునే అయస్కాంతపు కడియం క్షేత్రం మారదు, కాబట్టి అది ఈ పద్ధతిలో నరాలను ఉత్తేజపరచలేదు. ఈ పాఠంలోని చికిత్సకూ సంతల్లో అమ్మే అయస్కాంతపు కడియాలకూ పేరులో తప్ప పోలిక లేదు.

నరాలు కూడా విద్యుత్ సంకేతాలతోనే పనిచేస్తాయి. అందుకే తీగచుట్టలో తల పెట్టి చూడాలన్న ఆలోచన త్వరగానే వచ్చింది. పారిస్‌లో దార్సొన్వాల్ 1896లో, లండన్‌లో సిల్వానస్ థాంప్సన్ 1910లో ఆ ప్రయోగం చేశారు. కళ్ళ ముందు మిణుకుమిణుకుమనే వెలుగులు కనిపించాయి. ఈ మధ్యలోనే, 1902లో, వియన్నాకు చెందిన పొలాచెక్, బేర్ అనే ఇద్దరు తీగచుట్టతో మానసిక రుగ్మతలను నయం చేస్తామంటూ పేటెంట్‌కు దరఖాస్తు కూడా పెట్టారు. పాపం, అప్పటి చుట్టలు మెదడును తాకనే లేదు. ఆ వెలుగులు మెదడు నుంచి కాదు, కంటిలోని రెటీనా నుంచి వస్తున్నాయని 1947లో తేలింది. మెదడును చేరాలంటే వేల ఆంపియర్ల విద్యుత్తును సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయంలో చుట్ట గుండా పంపాలి. ఆ ఎలక్ట్రానిక్స్ ఇరవయ్యో శతాబ్దపు చివరి భాగంలో గానీ చేతికి రాలేదు.

ముందుగా విద్యుత్తునే నేరుగా వాడి చూశారు. మెర్టన్, మోర్టన్ 1980లో తలమీద ఎలక్ట్రోడులు పెట్టి, పుర్రె తెరవకుండానే మెదడును ఉత్తేజపరచి చేయి కదిలేట్టు చేయగలిగారు. కానీ ఆ షాకు తలచర్మాన్ని బాధించేది. నొప్పికి వైద్యంగా అది పనికొచ్చేది కాదు.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, రెజా జలినూస్, ఇయాన్ ఫ్రీస్టన్ ఈ చిక్కును 1985లో విప్పారు. కెపాసిటర్‌లో నిల్వచేసిన విద్యుత్తును ఒక్కసారిగా తీగచుట్టలోకి వదిలారు. 'టక్' అని చప్పుడైంది. తలకు ఒక పక్క చుట్టను ఆనిస్తే రెండో పక్క చేయి దానంతటదే కదిలింది. అయస్కాంత క్షేత్రం చర్మాన్ని, ఎముకను దాటిపోయి, కింద ఉన్న మెదడు పైపొరలో స్వల్ప విద్యుత్తును పుట్టించింది. కూర్చున్న మనిషికి పెద్దగా నొప్పి లేదు. క్షేత్రం తీవ్రత ఎంఆర్ఐ యంత్రంలో ఉండే స్థాయిదే, దాదాపు 2 టెస్లా. ఉండేది మాత్రం క్షణకాలం. రెండు మూడు సెంటీమీటర్ల కంటే లోతుకు బలంగా వెళ్ళదు. జపాన్‌కు చెందిన షోగో ఉఎనో 1988లో ఎనిమిది అంకె ఆకారంలో చుట్టను తయారుచేశాక, మెదడులో కోరుకున్న చిన్న ప్రాంతాన్ని గురిచూసి తాకడం వీలైంది.

మొదట్లో దీన్ని చికిత్సకు వాడలేదు. మెదడు నుంచి కండరాల దాకా సంకేతం ఎంత వేగంగా వెళ్తుందో కొలవడానికి వాడారు. నొప్పి వైపు దారి మరో దేశం నుంచి, అయస్కాంతంతో ఏ సంబంధమూ లేని ఒక శస్త్రచికిత్స నుంచి వచ్చింది.

టోక్యోలో ఒక వింత

పక్షవాతం తర్వాత వచ్చే థాలమస్ నొప్పి తకాషి సుబొకావా అనే జపాన్ నాడీ శస్త్రవైద్యుడికి సవాలుగా నిలిచింది. వెన్నుపాము మీద, థాలమస్ లోపల ఎలక్ట్రోడులు పెట్టే అప్పటి పద్ధతులతో ఈ రోగులకు ఒరిగింది తక్కువ. నొప్పి మార్గం తెగిన పిల్లుల్లో థాలమస్ కణాలు అదుపు తప్పి సంకేతాలు వెదజల్లుతున్నాయని, మెదడులో కదలికలను నడిపించే చాలక ప్రాంతాన్ని ఉత్తేజపరిస్తే అవి శాంతిస్తున్నాయని ఆయన బృందం గమనించింది. తర్వాత రోగుల్లో చాలక ప్రాంతం పైన, మెదడును కప్పి ఉండే పొర మీద ఎలక్ట్రోడులు అమర్చి, 1991లో ఫలితాలు ప్రచురించారు. చాలామందికి నొప్పి తగ్గింది.

ఇందులో వింత ఏమిటో చూడండి. నొప్పి ఒక అనుభూతి. ఎవరిని అడిగినా స్పర్శను గ్రహించే జ్ఞాన ప్రాంతాన్ని ఉత్తేజపరచమనే చెబుతారు. సుబొకావా బృందం దాన్నీ ప్రయత్నించింది. ఉపశమనం రాలేదు, కొందరికి నొప్పి పెరిగింది కూడా. పక్కనే ఉన్న, కదలికలకు సంబంధించిన ప్రాంతం పనిచేసింది. అది కూడా చేయి కదిలేంత కాదు, అంతకంటే తక్కువ మోతాదులో. ఎందుకలా జరుగుతుందో పూర్తిగా తేలలేదు. ఉత్తేజం ఇస్తున్నప్పుడు థాలమస్‌లోనూ, నొప్పికి సంబంధించిన ఇతర భాగాల్లోనూ రక్తప్రసరణ పెరుగుతోందని 1999లో ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు చిత్రాలతో చూపించారు. శరీరం తనంతట తాను తయారుచేసుకునే నల్లమందులాంటి రసాయనాలకు ఇందులో పాత్ర ఉందని 2011లో మరో ప్రయోగం సూచించింది. ఆ రసాయనాలను అడ్డుకునే నాలోక్సోన్ ఇస్తే అయస్కాంత ఉత్తేజం వల్ల వచ్చే ఉపశమనం తగ్గిపోయింది.

సుబొకావా పద్ధతికి పుర్రెకు రంధ్రం చేయాలి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెట్టాలి. ఇంతా చేశాక కొందరికి ఫలితం ఉండదు. అదే ప్రాంతాన్ని బయటి నుంచి అయస్కాంతంతో తాకి, ఎవరికి పనిచేస్తుందో ముందే తెలుసుకోవచ్చు కదా? ఈ లెక్కతోనే హిరోషిమా వైద్యులు 1995లో ఇద్దరు రోగుల మీద ప్రయత్నించారు. ఒకరికి ఉపశమనం కలిగింది, మరొకరికి కలగలేదు. పారిస్ పక్కనే ఉన్న క్రెతెయ్‌లో జాఁ-పాస్కల్ లెఫోషర్ బృందం 2001లో దీన్ని క్రమపద్ధతిలో పరీక్షించింది. సెకనుకు 10 పల్స్‌లు ఇస్తే నొప్పి తగ్గింది. రెండు సెకన్లకు ఒకటి చొప్పున నెమ్మదిగా ఇస్తే తగ్గలేదు. తగ్గిన నొప్పి కూడా కొద్ది రోజుల్లో తిరిగి వచ్చేది. ఈజిప్టులోని అస్యూత్‌లో ఎమాన్ ఖెదర్ బృందం పక్షవాతం తర్వాతి నొప్పి, ముఖంలో వచ్చే త్రిధార నాడి నొప్పి ఉన్న 48 మందితో చేసిన అధ్యయనాన్ని 2005లో ప్రచురించింది. వరసగా ఐదు రోజులు చికిత్స ఇస్తే ఉపశమనం రెండు వారాల దాకా నిలిచింది. శస్త్రచికిత్సకు ముందు చేసే పరీక్ష ఈ విధంగా తానే చికిత్సగా మారింది.

ఇది అందరికీ ఇచ్చే చికిత్స కాదు. తలలో లోహపు క్లిప్పులు గానీ, వినికిడి కోసం లోపల అమర్చిన పరికరం గానీ ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు. పేస్‌మేకర్ ఉన్నా, మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నా వైద్యులు చాలా ఆలోచిస్తారు. వేగంగా పల్స్‌లు ఇచ్చిన తొలి రోజుల్లో కొందరికి మూర్ఛలు వచ్చాకే, మోతాదుకు హద్దులు పెడుతూ 1998లో భద్రతా నియమాలు వెలువడ్డాయి.

ఉత్తుత్తి చుట్ట

మళ్ళీ హేగార్త్ దగ్గరికి రావాలి. అతని చెక్క పుల్లకు ఈ యంత్రంలో సాటి ఏది? రోగి పెద్ద కుర్చీలో కూర్చుంటాడు. తలమీద బరువైన చుట్ట, చెవి పక్కన టక్ టక్‌మని చప్పుడు, ప్రతి చప్పుడుకూ తలచర్మం మీద మొట్టికాయ వేసినట్లు ఒక తాకిడి. నమ్మకం కలిగించడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. మెస్మర్ చూస్తే అసూయపడేవాడు!

తొలి అధ్యయనాల్లో చుట్టను కొంచెం పక్కకు వంచి పట్టుకుని దాన్నే ఉత్తుత్తి చికిత్స అన్నారు. కానీ తలమీద తాకిడి వేరుగా ఉంటుంది. అసలుదీ ఉత్తుత్తిదీ రెండూ ఒకే రోగికి వేర్వేరు రోజుల్లో ఇచ్చినప్పుడు, ఏది ఏదో అతను పసిగట్టవచ్చు. అప్పుడు కళ్ళగంతలు జారిపోయినట్లే. తర్వాత చూపులోనూ చప్పుడులోనూ అసలుదానిలాగే ఉండే చుట్టలు తయారుచేశారు. కొన్నింటిలో చర్మం మీద చురుక్కుమనిపించే చిన్న ఎలక్ట్రోడులు కూడా అమర్చారు. ఒక చికిత్స పనిచేయదని నమ్మకంగా చెప్పగలిగేలా పరికరం తయారుచేయడానికి కూడా ఇంజనీర్లు ఇన్నేళ్ళు కష్టపడ్డారు. చరిత్ర పుస్తకాల్లో ఈ శ్రమకు దక్కే చోటు తక్కువ.

ఈ బలహీనత వల్లే ఒకే సాక్ష్యాలను రెండు రకాలుగా చదివారు. ఐరోపా నిపుణుల బృందం 2014లో, మళ్ళీ 2020లో, నొప్పి ఉన్న పక్కకు ఎదురు పక్కనున్న చాలక ప్రాంతానికి వేగవంతమైన అయస్కాంత ఉత్తేజం ఇవ్వడాన్ని అత్యున్నత శ్రేణి ఆధారం ఉన్న చికిత్సగా వర్గీకరించింది. అన్ని రకాల దీర్ఘకాలిక నొప్పి మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష మాత్రం 2018లో, ఆధారాల నాణ్యత తక్కువని, కనిపిస్తున్న స్వల్పకాలిక లాభం రోగి జీవితంలో తేడా తెచ్చేంత పెద్దది కాదని తేల్చింది. ఇందులో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. ఒకరు నరాల నొప్పిని, ఒక నిర్దిష్ట మోతాదును విడిగా తీసి చూశారు. మరొకరు రాశి మొత్తాన్ని తూచారు. పరీక్షలో ఈ రెండు నిర్ధారణలను పోల్చమని అడిగితే, ఎవరు ఏ అధ్యయనాలను లెక్కలోకి తీసుకున్నారో ముందుగా రాయండి.

రెండు పెద్ద పరీక్షలు

ఈ తగవును తేల్చడానికి పెద్ద పరీక్షలు అవసరమయ్యాయి. జపాన్‌లో పలు ఆసుపత్రులు కలిసి 144 మంది రోగులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. సెకనుకు 5 పల్స్‌ల చొప్పున ఐదు రోజులు ఇచ్చారు. అసలు చికిత్సకూ ఉత్తుత్తిదానికీ తేడా కనిపించలేదు. ఈ చికిత్స పుట్టిన దేశంలోనే ఎదురైన ఫలితం ఇది. మరుసటి ఏడాది, 2021లో, ఫ్రాన్స్‌లోని నాలుగు కేంద్రాల్లో నాదిన్ అత్తాల్ బృందం 149 మందితో చేసిన పరీక్ష వెలువడింది. అక్కడ సెకనుకు 10 పల్స్‌లు, మొత్తం 15 విడతలు ఇచ్చారు. మొదట రోజూ, తర్వాత ఎడం పెంచుకుంటూ 22 వారాల పాటు సాగింది. చాలక ప్రాంతానికి చికిత్స పొందినవారిలో ఉత్తుత్తి చికిత్స పొందినవారి కంటే నొప్పి ఎక్కువగా తగ్గింది, ఆ తేడా చివరిదాకా నిలిచింది. అలాగని నొప్పి మాయమైపోలేదు. మిచెల్ సైనికుడిలాంటివాడికి ఇది తడిగుడ్డను మూలన పడేయించే మందు కాదు, కొన్ని గంటలు పక్కన పెట్టనిచ్చే మందు. 15 సార్లు ఆసుపత్రికి రాగలిగినవారికే అది కూడా.

ఫ్రెంచి పరీక్షలో ఇంకో జట్టు ఉంది. నన్నడిగితే మొత్తం పరీక్షలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం అదే. ఆ జట్టులోని రోగులకు ఉత్తుత్తి చుట్ట కాదు, అసలు చుట్టే పెట్టారు. యంత్రం అదే, చప్పుడు అదే, తలమీద తాకిడి అదే, మెదడులోకి వెళ్ళిన అయస్కాంత పల్స్‌లు కూడా నిజమైనవే. గురి మాత్రం చాలక ప్రాంతానికి కాక, నుదుటి వెనకనున్న మరో ప్రాంతానికి పెట్టారు. కుంగుబాటుకు చికిత్స చేసేటప్పుడు తాకే చోటు అది. అక్కడ చికిత్స పొందినవారి నొప్పికీ ఉత్తుత్తి చికిత్స పొందినవారి నొప్పికీ తేడా రాలేదు.